గేటు మీద ఎర్ర తువ్వాలు

సైకిలు మీంచి ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు పెడల్ మీదే ఉంచిన జార్జిని తన సొంత గేటు ముందు అలా నిలబెట్టేసి, పోయిన వారం కథ అక్కడ ఆపి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు. భిలాయి, సెక్టర్ 6, కంపెనీ క్వార్టర్లు, మార్చి నెల సాయంత్రపుటెండ. ఒంటి మీద డ్యూటీ బట్టలు, కాళ్ళకు ఇనప ముక్కు బూట్లు, హేండిలుకు టిఫిన్ డబ్బా. గేటు మీద మాత్రం ఎర్ర తువ్వాలు వేలాడుతోంది.

ఆ వీధిలో గేటు మీద ఎర్ర తువ్వాలు ఉందంటే, రాత్రంతా ప్లాంటులో నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి లోపల నిద్రపోతున్నాడని అర్థం. అది చూడగానే కూరగాయలవాడు కేక ఆపేస్తాడు. పక్కింట్లో టీవీ గొంతు తగ్గుతుంది. పిల్లలు క్వార్టర్ల వెనకున్న మైదానం ఖాళీ చేసి, పెద్ద రోడ్డు దాటి సెక్టర్ 7 వైపు పోతారు. మనిషి లేచాక తువ్వాలు తీసేస్తారు, మళ్ళీ మైదానం నిండుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరూ తువ్వాలును అనుమానించరు.

జార్జి రైలుపట్టాలు చేసే మిల్లులో క్రేను నడుపుతాడు. అందరికీ లాగే అతనికీ షిఫ్టులు మారుతుంటాయి. నైట్ డ్యూటీ ఎప్పుడో ఓ వారం వస్తుంది. తువ్వాలు మాత్రం వారం వారం వేలాడుతూనే ఉంది. ఎందుకంటారా, మైదానం వైపున్న కిటికీ దగ్గర కూతురు జూడీ కూర్చుని చదువుకోవాలి. పెద్ద స్కూల్లో సీటు కోసం పరీక్ష రాయాలి. మనుషులు చాలక తనకన్నీ నైట్‌లే పడుతున్నాయని వీధిలో చెప్పి, మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టుకు వెనక దారిన సైకిలు తోసుకుంటూ జారుకునేవాడు. అతను వెళ్ళాక కూడా భార్య డైసీ తువ్వాలు తీసేది కాదు.

మొన్న మైదానం చివర పాడుబడ్డ పంపుహౌసు గోడ మీంచి మణిమాల పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. జూడీ ఈడు పిల్ల. గోడ అవతల తుప్పల్లో పడి ఎంతసేపు ఏడ్చిందో తెలియదు, పాలవాడు చూసి ఎత్తుకొచ్చాడు. దాని నాయనమ్మ అప్పయమ్మ ఇవాళ ఒక్క ముక్క అడిగిపోదామని వచ్చింది: కిటికీ పక్కన పడుకున్న మగాడికి పసిదాని ఏడుపు వినబడలేదా అని. ఆయన నిద్రలో ఉన్నారు, లేపితే కోప్పడతారు అని డైసీ గుమ్మంలో నిలబడి చెబుతున్న ఆ క్షణానే, మిల్లు మరమ్మతుకు ఆపేసి ముందుగా వదిలేయడం వల్ల, జార్జి సైకిలు వచ్చి గేటు ముందు ఆగింది. ఎప్పుడూ వెనక దారిన వచ్చేవాడికి ఇవాళే ముందు దారి కనబడాలా.

అప్పయమ్మ జార్జి బూట్ల వంక చూసింది. తర్వాత తువ్వాలు వంక, తర్వాత డైసీ వంక చూసింది. డైసీ తల దించుకుంది.

“లోన పడుకున్నోడు ఎవుడమ్మా, మరైతే?” అంది అప్పయమ్మ.

దెప్పుతున్నట్టు కాదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది. అదే జార్జిని చంపేసింది. నాలుగు తిట్లు తిట్టినా తట్టుకునేవాడు. ప్లాంటులో ఫోర్‌మన్ నోటికి అలవాటు పడ్డ మనిషికి తిట్లొక లెక్కా. ఆ ముసలావిడ కళ్ళల్లో కోపం కూడా లేకపోయేసరికి ఎటు చూడాలో తెలియక టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ నిలబడ్డాడు. అది బిగిసే ఉంది.

“అది కాదు పెద్దమ్మా. ఇయ్యాల మిల్లు ఆపీసినారు. అందుకని...”

ఆవిడ అడిగింది అది కాదని చెబుతుండగానే అతనికి తెలిసిపోయింది.

“నిన్న ఏటి డ్యూటీ బాబూ?”

జార్జి డబ్బా మూత మళ్ళీ బిగించాడు.

“మొన్న, మా మణిమాల గుంట పడిన నాడు?”

“సెకెండ్ షిఫ్టు,” అన్నాడు.

అప్పటికే పక్క క్వార్టర్ల గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చేశారు. ఒకావిడ టీవీ గొంతు తగ్గించడానికి ఒక చేత్తో రిమోట్ పట్టుకుని అలాగే వచ్చినట్టుంది, దాన్ని కొంగు చాటున దాచుకుంది. ఇన్నాళ్ళూ తన ఇంటివైపు చూసి గొంతు తగ్గించిన వీధి ఇది. గిన్నె కింద పడితే అయ్యో జార్జన్న లేస్తాడని ఉలిక్కిపడిన వీధి. నేల చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది జార్జికి. భిలాయి నేల గట్టిది, అలాంటి ఉపకారాలు చెయ్యదు.

అప్పయమ్మ గేటు మీది తువ్వాలు తీసింది. దులిపి, నాలుగు మడతలు పెట్టి, భుజం మీద వేసుకుంది.

“ఈ తువ్వాలు ఆనవాయితీ ఎవులు పెట్టినారో నీకు తెలుసేటి? నానే పెట్టినాను. మా ఆయన కొలిమికాడ పని సేసీవోడు. అప్పుడు మా పిల్లలు సిన్నోలు, ఈది నిండా పిల్లలే. పగలు కన్ను మూత పడనిచ్చీవోరు కాదు. ఓ రేత్రి డ్యూటీలో కునుకొచ్చీసి తూలిపోనాడు. కాలు కాలిపోనాది. బతికినాడు గానీ, ఆ కాలు మరి కాలు కాదు.” ఆవిడ భుజం మీది తువ్వాలు సరిచేసుకుంది. “అప్పుడు ఈదిలో ఆడోలమందరం కూకుని అనుకున్నాం, ఇలగ తువ్వాలేద్దాం అని. పిల్లలకి ఒక్కపాలే సెప్పినాం. మరి సెప్పలేదు. ఎవులి అయ్యైనా మన అయ్యే అనుకుని ఆటొగ్గీసి ఎలిపోయీవోరు. ఈల పిల్లలూ అంతే. నోరెత్తకండా ఎలిపోయినారు. దానిమీద నువ్వు అబద్దం ఆరేసినావు బాబూ.”

“జూడీ సదువు కోసం పెద్దమ్మా,” అన్నాడు జార్జి. “పరీచ్చ దగ్గిరికొచ్చీసింది. బయట పిల్లలు ఆడతంటే దాని మనసు పుస్తకం మీద నిలబడదు. నాలాగ క్రేను మీద మిగిలిపోకూడదని...”

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, జార్జి దుర్మార్గుడు కాడు. కూతురంటే ప్రాణం పెడతాడు. భీమిలి దగ్గర ఇసకలో చీకటి పడేదాకా కర్రాబిళ్ళ ఆడి, తల్లి కర్ర పట్టుకుని వస్తే తప్ప ఇంటికి చేరని కుర్రాడు ఒకప్పుడు. ఆ ఆటలే తన చదువు తినేశాయనీ, లేకపోతే ఈపాటికి ఏసీ గదిలో కూర్చునేవాణ్ణనీ అతని గట్టి నమ్మకం. గాల్లోకి లేచిన బిళ్ళ ఎక్కడ పడుతుందో అప్పట్లో కొలిచిన కన్నే ఇవాళ అంతెత్తు నుంచి ఎర్రగా కాలుతున్న పట్టాను చెప్పిన చోట దింపుతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదేమో.

“నీ పిల్ల కోసమే సేసినావు. కాదన్నానేటి?” అంది అప్పయమ్మ. “రా. మా గుంటని సూడ్డానికి నువ్వింకా రానేదు. డ్యూటీ అలుపులో ఉన్నావనుకున్నాం. ఇప్పుడు నీకు అలుపు నేదు కదా. రా.”

రానని ఎలా అంటాడు. సైకిలుకు స్టాండు వేసి ఆవిడ వెనక నడిచాడు. నాలుగిళ్ళ దూరం. ఆ నాలుగిళ్ళ గుమ్మాల్లోనూ మనుషులున్నారు. భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన రోజున మిఠాయి పంచుకుంటూ ఇవే గుమ్మాల ముందు ఎంత దర్జాగా తిరిగాడో గుర్తొచ్చింది. ఇవాళ తన బూట్ల చప్పుడే తనకు మరీ పెద్దగా వినిపించి, సిగ్గుతో మునివేళ్ళ మీద నడిచాడు.

మణిమాల ముందు గదిలో మంచం మీద ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. చుట్టూ వీధిలో పిల్లలందరూ చేరారు. అప్పయమ్మ గుమ్మం దగ్గర ఆగి, జార్జిని కూడా ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

పిల్లలు ఆడుకుంటున్నారు. ఎదురింటి శామ్ అనే కుర్రాడు తన స్కూలు బ్యాగు భుజాన వేసుకుని, లేని సైకిలు హేండిలు రెండు చేతుల్తో పట్టుకుని, మంచం చుట్టూ దొంగ నడక నడుస్తున్నాడు. మెడ సాచి అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ రెండడుగులు తోస్తాడు. తలుపు దగ్గర ఓ పిల్ల కాపలా కూర్చుని పెదాల మీద వేలు పెట్టుకుని, “ష్... అంకుల్ సో రహే హై” అంటోంది. అంకుల్ నిద్రపోతున్నారట. శామ్ గోడకు సైకిలు తగిలి పడబోయినట్టు నటించాడు. అంతే, పిల్లలందరూ నవ్వు ఆపుకోలేక మంచం మీద పడి దొర్లారు.

కానీ చప్పుడు లేదు. జార్జి ముందు తన చెవులేమైనా మూసుకుపోయాయా అనుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఒకడు పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఒక్క గొంతు నుంచీ శబ్దం రాలేదు. ఆ వీధి పిల్లలు చప్పుడు లేకుండా నవ్వడం నేర్చేసుకున్నారు. ఎవరి పుణ్యమో తెలుస్తూనే ఉంది.

ముందు చూసింది శామ్. లేని సైకిలు చేతుల్లోంచి జారిపోయింది. పిల్లలంతా గోడకు ఆనుకుని నిలబడిపోయారు. వాళ్ళ కళ్ళలో భయం చూసి జార్జి, ఏం చెయ్యాలో తోచక, గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“అంకుల్, సారీ,” అంది మణిమాల. “హమ్‌కో పతా థా.”

“తెలుగులో ఏడు,” అని కసిరింది అప్పయమ్మ.

మణిమాల తడుముకుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, దాని తెలుగు అంతంతమాత్రం. “మాకు తెలుసు అంకుల్. మీరు పీఛే నుంచి సైకిల్ తోసుకుని వెళ్తారు. శామ్ చూశాడు. బారిష్‌లోనే చూశాడు.”

వానాకాలం నుంచీ తెలుసు. జార్జి మొహాన నెత్తుటి చుక్క లేదు. తన నాటకం మొదలైనప్పట్నుంచీ చూస్తున్నవాళ్ళు వీళ్ళు. చూస్తూ, ఏమీ అనకుండా, రోజూ మైదానం వదిలి పోయినవాళ్ళు.

“మరి మాతో ఎందుకు చెప్పలేదే?” అని లోపలి నుంచి వచ్చిన మణిమాల తల్లి భాగ్యరేఖ అడిగింది.

“జూడీ కసమ్ పెట్టింది. ఒట్టు. పెద్దవాళ్ళకి చెప్తే మా పాపా ఇజ్జత్ పోతుంది అంది. స్కూల్లో ఏడ్చింది కూడా.”

జార్జి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. తన పరువు తను కాపాడుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. దాన్ని మోసింది ఇంకా జడ వేసుకోవడం చేతకాని పిల్ల. తండ్రి అబద్ధాన్ని స్నేహితుల చేత దాయించి, ఆ స్నేహితులే ఆటకు దూరమవుతుంటే కిటికీలోంచి చూస్తూ, పుస్తకం పేజీలు తిప్పింది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ప్రపంచంలో ఏ తండ్రీ చేసి ఉండడనిపించింది అతనికి.

“ఆ గోడెందుకెక్కినావే నువ్వు?” అంది అప్పయమ్మ మనవరాలితో, మెల్లగా. “మిగతా పిల్లలందరూ రోడ్డవతలికి ఎలిపోయినారు కదా.”

“జూడీ బయటికి రాదు కదా. గోడ మీంచి అయితే కిటికీ కనిపిస్తుంది. నేను ఏక్టింగ్ చేస్తాను, జూడీ పేపర్ మీద రాసి చూపిస్తుంది, ఏంటో. ఆవాజ్... చప్పుడు లేకుండా.”

“రోజూ?” అన్నాడు జార్జి.

“రోజూ అంకుల్. జూడీకి బాగా వచ్చు. ఏనుగు, పోస్ట్‌మన్, మా మేడమ్, అన్నీ చెప్పేస్తుంది.” చెబుతున్నకొద్దీ మణిమాలకు హుషారు వచ్చింది. “మొన్న కొంగ చేశాను. చెప్పలేకపోయింది. అందుకే ఒక కాలు మీద నిలబడ్డాను, ముక్కు ఇలా పెట్టి.” ఉన్న ఒక్క చేత్తో ముక్కు చూపించింది. పిల్లలు మళ్ళీ నవ్వారు, అదే చప్పుడు లేని నవ్వు.

భాగ్యరేఖ మాత్రం నవ్వలేదు. కూతురి పక్కన మంచం మీద కూర్చుంది.

“అయితే నువ్వు పడ్డం జూడీ చూసిందా?”

మణిమాల జార్జి వంక చూసింది. చెప్పొచ్చా అన్నట్టుంది ఆ చూపు. జార్జి తల ఊపాడు.

“చూసింది. నేను వెంటనే పడలేదు మమ్మీ. అటువైపు జారి, గోడ పట్టుకుని వేలాడాను కొంచెం సేపు. తల పైనే ఉంది. జూడీ కుర్చీలోంచి లేచింది. నోరు తెరిచింది. ఇంత పెద్దగా.” పిల్ల నోరు తెరిచి చూపించింది. “కానీ ఆవాజ్ రాలేదు. ఏమీ రాలేదు. తర్వాత చెయ్యి జారిపోయింది.”

నిద్ర లేస్తే కోప్పడతాడని వీధంతా అనుకునే తండ్రి ఆ వేళ ఇంట్లో లేడని జూడీకి అందరికన్నా బాగా తెలుసు. తండ్రి నిద్ర చెడుతుందన్న భయమే లేని ఇంట్లో కూడా పిల్ల కేక పెట్టలేకపోయింది. కుర్చీ దాటి బయటికి పరుగెత్తలేకపోయింది. అప్పయమ్మ అడగడానికి వచ్చిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఏడుపు వినబడింది, జార్జి కూతురికే వినబడింది.

జార్జి లేచాడు. మణిమాల కట్టు మీద చెయ్యి వెయ్యబోయి, మొహం చెల్లక వెనక్కి తీసుకున్నాడు. ఇంటివైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. అప్పయమ్మ ఆయాసపడుతూ వెనకే వచ్చింది, ఆవిడ వెనక పిల్లలు వచ్చారు.

జూడీ కిటికీ దగ్గర కుర్చీలోనే ఉంది. తన గేటు దగ్గర ఇంత రభస జరిగినా లేవలేదు. చేతిలో పెన్సిలు, ముందు లెక్కల పుస్తకం. డైసీ ఏడ్చిన కళ్ళతో పక్కన నిలబడి ఉంది.

“మొన్న మణి పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?” అని జార్జి భార్యను అడిగాడు.

“ప్రార్థన కూటానికి ఎల్లినాను. నానొచ్చీదాకా కుర్చీలోంచి లెగకు అని దీనికి సెప్పే ఎల్లినాను,” అంది డైసీ. “మీరే కదా అలా సెప్పమన్నారు.”

అవును, తనే చెప్పమన్నాడు. జార్జి వంగి, కూతురి చేతిలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. వెనక తలుపు గడియ తీసి బార్లా తెరిచాడు. సాయంత్రపుటెండ గదిలోకి వచ్చి పడింది.

“వెళ్ళమ్మా. ఆడుకో. ఇంకెప్పుడూ తువ్వాలుండదు. నాన్నదే తప్పు.”

జూడీ తండ్రి మొహం వంక చూసింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగింది. మైదానంలో అప్పటికే శామ్, మిగతా పిల్లలూ చేరారు. శామ్ ఏడు పెంకులూ ఒకదాని మీద ఒకటి పేర్చి పిట్టూ ఆటకు సిద్ధం చేశాడు. బంతి చేత్తో పట్టుకుని జూడీ కోసం చూస్తున్నాడు.

“పిలువమ్మా వాణ్ణి. నేనూ వస్తన్నానురా అని కేకెయ్యి. గట్టిగా కేకెయ్యి, ఎవరూ ఏమీ అనరు.”

జూడీ నోరు తెరిచింది. మణిమాల చూపించినంత పెద్దగా తెరిచింది. మెడ మీద నరాలు పొంగాయి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఏమీ రాలేదు.

“మఛ్లీ,” అని అరిచాడు శామ్ అక్కణ్ణుంచి. చేప అట. వాడికది రోజూ ఉండే ఆటే.

జూడీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ ఏమీ రాలేదు. ఇంకో పిల్ల ఇంకేదో పేరు చెప్పింది, ఇంకొకడు ఇంకోటి చెప్పాడు. జూడీ కాదు, కాదు అని తల ఊపుతూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కొంతసేపటికి పిల్లలకే ఇది ఆట కాదని అనుమానం వచ్చినట్టుంది, ఒక్కొక్కరే ఊరుకున్నారు.

అప్పయమ్మ పిల్లను దగ్గరకు తీసుకుని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. గొంతు మీద వేళ్ళు ఆనించి చూసింది. తర్వాత డైసీ వైపు తిరిగింది.

“ఈ గుంట మాటాడి ఎన్నాల్లయినాది?”

“మొన్నటి నుంచి... గోడ మీంచి పిల్ల పడిందన్న భయంతో అనుకుంటాను,” అంది డైసీ.

“అంతకు ముందేటి సెప్పింది నీతో? అటు మొన్న? ఏటి మాటాడింది?”

డైసీ లెక్కల పుస్తకం వంక చూసింది. “ఏది సెప్పినా తలూపుతాది పెద్దమ్మా. పుస్తకం తియ్యమంటే తీస్తాది. బుద్ధిగా ఉందనుకున్నాను.” అని భర్త వైపు తిరిగింది. “మీకు గుర్తుందా? మీతో ఏదైనా అన్నదా?”

జార్జి వెతుక్కున్నాడు. నిన్న, మొన్న, ఆదివారం చర్చిలో, అంతకు ముందు తనిచ్చిన ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడు. కాగితం మీద రాసి చూపించింది. అంతకు ముందు కూడా రాసే చూపించింది. ఇంకా వెనక్కి, దసరా సెలవుల దాకా వెళ్ళాడు. కూతురు తల వంచుకుని ఉన్న బొమ్మలే కనబడ్డాయి తప్ప, గొంతు ఎక్కడా వినబడలేదు. అది ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు.

భార్య అతని జవాబు కోసం చూస్తోంది. అతను భార్య జవాబు కోసం చూస్తున్నాడు.